లాగ్‌లో నా ఊరు

బెజవాడ వన్ టౌన్‌లో ఓ హోల్‌సేల్ బట్టల వ్యాపారి దగ్గర నేను కంప్యూటర్ల పని చూస్తాను. ఆర్డర్ పెట్టడానికి కొట్లవాళ్లు మా యాప్ తెరిస్తే, ఎవరు ఏ ఊరి నుంచి తెరిచారో సిస్టమ్ దానంతటదే రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. ఊరు తేడాగా కనిపిస్తే ఫోన్ చేసి కనుక్కోవడం నా పని.

ఒకరోజు హనుమాన్ జంక్షన్‌లో చీరల కొట్టు నడిపే ఆవిడ పేరు పక్కన హైదరాబాద్ అని పడింది. ఎవరో ఆవిడ పాస్‌వర్డ్ కొట్టేశారనుకుని కంగారుగా ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారండీ?"

"కొట్లోనేనండీ. ఇంకెక్కడికి పోతాను? ఎక్కడున్నావని మా ఆయన కూడా అడగడు నన్ను!" అని నవ్వింది. "అది సరే, మీరు భోంచేశారా?"

చేశానని చెప్పాను. చెయ్యలేదు.

ఆవిడ ఫోన్‌లో నెట్ హైదరాబాద్ మీదుగా తిరిగొస్తోంది. సిస్టమ్‌కి ఆ మాత్రం తెలివి లేదు, ఆ ఊరే రాసిపారేసింది.

ఆ ఆదివారం అద్దెగదిలో ఒక్కడినే ఉన్నాను. పొద్దున్నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఏమీ తోచక ఫోన్‌లో మా యాప్ తెరిచి, లాగ్‌లో ఎలా పడిందోనని చూశాను. నా పేరు పక్కన కూడా హైదరాబాదే. బెజవాడ దాటి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు! ఒళ్లు మండింది.

ఊరు తేడాగా పడింది కాబట్టి, ఎక్కడున్నావని ఎవరో ఒకరు నాకు ఫోన్ చేసి అడగాలి. ఆ ఫోన్ చెయ్యాల్సింది నేనే.