ఇరవై మార్కుల కాగితం

మా పక్కింటి ఇంగ్లీషు మేడం పోయారు. మంగళవారం పొద్దున నేను ఎద్దులను విప్పుతుంటే వాళ్ళ చెల్లెలు గోడ అవతలి నుంచి పిలిచింది. "కాకా, అక్క ఎంత లేపినా లేస్తలేదు" అంది. వెళ్ళి చూశాను. చెయ్యి చల్లగా ఉంది. మధ్యాహ్నానికి ప్రాణహిత ఒడ్డుకు తీసుకుపోయాం. నాకు మాట్లాడడం రాదు, రాయడం అంతకన్నా రాదు. చదివింది ఐదో తరగతి. అయినా రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆమె సిరోంచకు వచ్చి పదేళ్ళు దాటింది. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. ఎండకైనా వానకైనా ఒకటే నల్ల గొడుగు. సాయంత్రం మా ఇద్దరి ఇళ్ళ మధ్య గోడ మీద చాయ్ గ్లాసు పెట్టుకుని పిల్లల కాగితాలు దిద్దేవారు. పెన్సిలుతోనే దిద్దేవారు. ఎర్ర పెన్ను ఎందుకు వాడరని ఒకసారి అడిగాను. "ఎర్రగ గీసుటానికి ఫోన్ ఉన్నది గద కాకా. నేను గూడ గీసుడెందుకు?" అన్నారు.

ఆ ఫోన్ సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కింద కాలేజీ వాళ్ళు పిల్లలందరి ఫోన్లలో ఇంగ్లీషు నేర్పే ఆట ఒకటి వేయించారు. సరిగ్గా చెబితే పాయింట్లు వస్తాయి, తప్పు చెబితే ఎర్ర గీత పడుతుంది. రోజూ ఆడితే రోజుల లెక్క పెరుగుతుంది. ఒక్క రోజు తప్పితే ఆ లెక్క సున్నా. మేడం దాన్ని కాదనలేదు. తాను కూడా ఆడేవారు. "ఇయ్యాల నేనే ఫస్ట్, కాకా! పోరగాళ్ళందరు నా ఎన్కనే" అని గోడ మీద నుంచి ఫోన్ చూపించి నవ్వేవారు. కానీ పాయింట్లు బాగా ఉన్న పిల్లలు కూడా క్లాసులో లేచి నిలబడితే నోరు తెరిచేవారు కాదట. అప్పుడు నన్ను పిలిచారు.

"గురువారం జర కాలేజీకి రా, కాకా."

"నేనొచ్చి ఏం జెయ్య మేడం? నాకు మాట్లాడరాదు."

"గందుకే రమ్మంటున్న. నీయన్ని చిన్న చిన్న మాటలు. పిల్లలకు గంతే గావాలె."

అట్లా గురువారం గురువారం కుర్చీలో కూర్చోబెట్టేవారు. పిల్లలు తెలుగులో అడగాలి, నేను చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి. పొద్దున ఏం తిన్నావంటే "జొన్న గట్క తిన్న" అన్నాను. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలో తెలియక క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను. అప్పుడు చివరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. అల్లపల్లి అవతల అడవిలో వాళ్ళ ఊరు. ఇంట్లో గోండి మాట్లాడతారు. అమ్మతో కలిసి నది అవతల మిరప తోటలకు కూలికి పోయి తెలుగు నేర్చుకుంది.

"తాతా, అవ్వ సచ్చిపోయినంక ఇంట్ల ఎవ్వలతోని మాట్లాడుతవ్?"

నా భార్య పోయినప్పటి నుంచి నా కొడుకులు కూడా నన్ను అట్లా అడగలేదు. "ఎవ్వలతోని మాట్లాడ" అన్నాను. ఆ పిల్ల ఇంగ్లీషులో ఏదో చెప్పింది, నెమ్మదిగా. ఈసారి ఎవరూ నవ్వలేదు. "మల్ల చెప్పు" అన్నారు మేడం. పిల్ల మళ్ళీ చెప్పింది.

ఆ పిల్లకు పాయింట్లే లేవు. వాళ్ళ ఊళ్ళో టవర్ లేదు. హాస్టల్లో ఉన్న నాలుగు రోజులు ఆడితే, శనివారం ఇంటికి పోగానే లెక్క సున్నా అయ్యేది. అట్లాంటప్పుడు పై నుంచి కాగితం వచ్చింది. ఆ ఆట పాయింట్లను బట్టే ఇరవై మార్కులు వేయాలని.

ఆ రోజు మేడం, ప్రిన్సిపాల్ సారు మాట్లాడుకుంటుంటే నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"టవర్ లేకుంటే పిల్ల తప్పా సార్?"

"నన్నేం జెయ్యమంటవ్ మేడం? పైనోళ్ళ ఆర్డర్."

"నా ముంగట మాట్లాడిపిస్త. నా చేతితోని రాసి సంతకం పెడ్త. గదన్న ఒప్పుకోండ్రి."

సారు చివరికి సరేనన్నారు. పాయింట్లు లేనివాళ్ళకు మేడం సంతకం ఉన్న కాగితం గడువులోగా ఇవ్వాలి. ఇరవై పోతే ఆ పిల్ల ఆ పేపరే తప్పుతుంది. తప్పితే చదువు మానిపిస్తామని ఇంట్లో ముందే అన్నారట.

పదిరోజులు కాకముందే మేడంకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. మాట పోయింది. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పటికి ఒక్క "మల్ల" అనే మాటే మిగిలింది. దాహమైనా అదే, వద్దన్నా అదే. మాట వస్తుందేమోనని చెల్లెలు ఆ ఫోన్ ఆటే ముందు పెట్టింది. మేడం నోరు వంకర తిప్పుకుంటూ చిన్న పిల్లల మాటలు పలకబోయేవారు. ఫోన్ ఎర్ర గీత గీసేది. మూడోనాడు ఎడమ చేత్తో ఫోన్‌ను బోర్లించి పక్కకు నెట్టారు. నేను చూడనట్టు ఉన్నాను.

గడువు దగ్గరికొస్తే ఆ పిల్ల తానే వచ్చింది. మంచం పక్కన నిలబడి పావుగంట ఇంగ్లీషులో మాట్లాడింది. మేడం కళ్ళు మూసుకుని విన్నారు. ఒకచోట వేలెత్తి "మల్ల" అన్నారు. పిల్ల ఆ మాట దిద్దుకుని మళ్ళీ చెప్పింది. తర్వాత మేడం ఎడమ చేత్తో పద్దెనిమిది వేసి, కింద సంతకం పెట్టారు. కోడి గీకినట్టు వచ్చింది.

ఆ కాగితం కాలేజీకి తీసుకుపోయింది నేనే. గుమాస్తా పాత రిజిస్టరు తెరిచి పక్కన పెట్టి చూశాడు.

"గిది మేడం సంతకమేనా? కలుస్తలేదు. ఎవ్వలు పెట్టిన్రు, నువ్వా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. మేడం ఎడమ చేత్తో నా కళ్ళ ముందే పెట్టారని చెప్పాలి. ఇంటికొచ్చి చూడమని అనాలి. సారు దగ్గరికైనా పోవాలి. నేను కండువా తీసి మొహం తుడుచుకున్నాను.

"శనివారం దాక టైం ఉన్నది. పాత సంతకం లెక్కనే పెట్టిచ్చుకరా" అన్నాడు. కాగితం తీసుకుని వచ్చేశాను. సంతకం కలవలేదట అని మేడంకు చూపించాను. "మల్ల" అని పెన్ను అడిగారు. ఎన్నిసార్లు పెట్టినా కలవలేదు. శనివారం గడిచిపోయింది. పిల్ల వాళ్ళ వాళ్ళతో మిరపకాయలు తెంపడానికి పోయింది. నెల తిరగలేదు, మేడం పోయారు.

ఆ రోజు నేను నోరు విప్పలేదని ఆ పిల్లకు ఇంతవరకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కబురు అంది మూడోనాడు ఆ పిల్ల వచ్చింది. తోట నుంచి అట్లాగే బస్సెక్కినట్టుంది. చెల్లెలు పక్కబట్టలు తీస్తుంటే పరుపు కింద నోటుబుక్కు దొరికింది. "శనివారం ఎప్పుడో అయిపాయె అక్కా అని ఎన్నిసార్లు చెప్పిన. ఇన్లే" అని ఏడ్చింది. అందులో పేజీల నిండా సంతకాలు.

పిల్ల దాన్ని ముట్టుకోలేదు. "చేతులకు మిరపకారం ఉన్నది తాతా, కాయితానికి అంటుతది. నువ్వే తిప్పు" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను ఒక్కొక్క పేజీ తిప్పాను. మొదట గీతలు, సున్నాలు. తర్వాత అక్షరాలు. చివరి పేజీలో పైనుంచి కింద దాకా ఒకే తీరు సంతకం, ఏ గుమాస్తా కాదనలేనిది.

ఆ పిల్ల వంగి, ఊపిరి తగలకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను పేజీ అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.