సత్యవేదంగారి గుర్రాల క్యాలెండరు

సత్యవేదంగారి జీవితంలో సంవత్సరాలు లేవు, గుర్రాలే ఉన్నాయి. చౌడేపల్లె బీళ్లలో ఏటా రాగి కోతలయ్యాక పందెం జరుగుతుంది. గుర్రాలు రాతిగోడలూ కాలువలూ దూకుతూ మూడు మైళ్లు పరుగెత్తాలి. ఏ ఏడు ఏ గుర్రం గెలిచిందో, యాభై ఏళ్ల జాబితా ఆయన నాలుక మీద ఉంటుంది.

మదనపల్లెలో ఆయనది మా పక్కిల్లు. మిషన్ ఆసుపత్రిలో రికార్డుల గుమాస్తాగా చేసి రిటైరయ్యారు.

"మీ పెళ్లెప్పుడయింది సార్?" అని ఒకసారి అడిగాను.

"బెల్లం గెలిచినప్పుడు."

వంటింట్లోంచి ఆయన భార్య అన్నమ్మగారు అందుకున్నారు. "పెండ్లికార్డులో గూడా అదే రాపిస్తానన్యాడప్పా. మా నాయన వద్దని కాళ్లు పట్టుకున్యాడు."

పన్ను డాక్టరు నొప్పి ఎన్నాళ్లుగా అని అడిగితే "రెండు గుర్రాలుగా" అన్నారు. చర్చిలో సాక్ష్యం చెబుతూ, ప్రభువు తనను కుంటిమల్లి గెలిచిన ఏడు రక్షించాడన్నారు. ఆ ఆదివారం నుంచి పాస్టరుగారు ఆయన చేతికి మైకు ఇవ్వలేదు.

పోయిన వేసవిలో చౌడేపల్లె నుంచి సిద్ధమ్మ అనే ఆమె సత్యవేదంగారిని వెతుక్కుంటూ వచ్చింది. జీవితమంతా కూలి చేసిన మనిషి. మోకాళ్లు పోయాయి. పింఛను కావాలి. ఆధార్ కార్డులో ఎవరో ఆమె వయసు యాభై అని రాశారు. ఆ లెక్కన తల్లి తన పెద్దకూతురి కన్నా నాలుగేళ్లే పెద్దది.

"ఆఫీసులో కాగితం తెమ్మంటాండారు సార్. నాకు యాడ నుంచి వస్తాది?"

"పెద్దబిడ్డ యాడ పుట్నాది?"

"మీ ఆసుపత్రిలోనే."

"ఆ ఏడు ఏ గుర్రం గెల్సినాది మా?"

నేను తల పట్టుకున్నాను. సిద్ధమ్మ మాత్రం తడుముకోలేదు.

"ఒంటిచెవి సార్. నేను నొప్పులతో బండిలో వస్తాంటే పందెం జనం దారియ్యల్యా."

ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. రికార్డుల గదిలో అట్టలు ఊడిన రిజిస్టర్లు గోడంతా ఉన్నాయి. సత్యవేదంగారు కింది అరలోంచి ఒకటి లాగి నాలుగు పేజీలు తిప్పారు. సిద్ధమ్మ, వయసు ఇరవై, ఆడపిల్ల. సంవత్సరం డెబ్బై తొమ్మిది.

"మీ గుర్రాల పిచ్చి ఇన్నాళ్లకు పనికొచ్చింది సార్" అన్నాను.

ఇప్పటి గుమాస్తా బీనా నవ్వింది. "పిచ్చేంది సార్. గుర్రమంటే ఈయనకు వొణుకు. రోడ్డు మీద జట్కా కనబడితే సందులోకి పోతాడు."

"మరి ఈ జాబితా?"

సత్యవేదంగారు రిజిస్టరు దుమ్ము తుడుస్తూ చెప్పారు. "బిడ్డను బడిలో చేర్సాలని తల్లులు కాగితానికి వస్తాండ్రి. తేదీ అడిగితే తెలీదు. గుర్రం అడిగితే తెలుసు. తేదీలు వాళ్లకు నేర్పేదానికన్నా, గుర్రాలు నేను నేర్సుకునేది సులువనిపించినాది."

"పందెం ఎప్పుడైనా చూశారా?"

"యాల చూస్తానప్పా. అవి దూకుతాయంట గదా."

ఆ పేజీ నకలుతో కార్డులో వయసు మారింది. పింఛను మొదలైన నెల సిద్ధమ్మ పళ్లెం నిండా మామిడిపళ్లతో వచ్చింది.

"ఈ ఏడు పందేనికి రావాల సార్. గోడ పక్కనే మీకు కుర్చీ ఏపిస్తా."

సత్యవేదంగారి ముఖం పాలిపోయింది. పళ్లెం అందుకున్నారు, కుర్చీ మాత్రం వద్దన్నారు.

"గెల్సినదాని పేరు ఫోన్లో చెప్పు మా. నేను ఈడనే రాసుకుంటా."