నది గట్టున తుడిచిన గొట్టం

దక్షిణ అమెరికాలో మాంటెవీడియో నగరం చూసి వచ్చాక ఆత్మకూరు లైబ్రరీలో నా చేత మాట్లాడించారు. ఓడరేవు గురించి, పాత కోట గుమ్మం గురించి చాలాసేపు చెప్పాను. చప్పట్లు కొట్టారు. అక్కడ ఊరు చూసిన రోజులో ఒక్క గంట మాత్రం చెప్పకుండా దాటేశాను. విన్నవాళ్లు నన్ను మంచివాడనుకుంటూ ఇళ్లకు పోయారు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

నేను ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మేవాణ్ణి. పదో తరగతితో బడి ఆగిపోయింది. తర్వాత చదివిందంతా ఆత్మకూరులో సరుకు వేసి, తిరుగు బస్సు వచ్చేదాకా ఆ లైబ్రరీ బెంచీ మీదే. దక్షిణ అమెరికాలో చేతిపనుల సంతకు పిలుపొస్తే, ఆ దేశాల మీద అక్కడున్న పుస్తకాలన్నీ నమిలేసి బయల్దేరాను. నా పక్క స్టాల్ ఒక భార్యాభర్తలది. తోలు సంచులు కుడతారు. ఆమెకు ఇంగ్లీషు వచ్చు, ఆయనకు రాదు. వారంలో ముగ్గురం స్నేహితులమయ్యాం. సంత ముగిసిన మర్నాడు నాకు ఊరు చూపించారు.

చూపించనిస్తే కదా. వాళ్లు నోరు తెరిచేలోపే నేను అందుకునేవాణ్ణి. ఎదురుగా కనిపించేది సముద్రం కాదు, నది అని వాళ్లకే చెప్పాను. "మీరు ఇక్కడ గైడుగా చేరండి, మేం పోయి గరిటెలు అమ్ముకుంటాం" అందామె. మాంసం కాల్చే అంగళ్ల పొగలోంచి నన్ను లాక్కుపోయి, నేను తినగలిగేది వెతికి మరీ పెట్టారు.

సాయంత్రం నది గట్టున కూర్చున్నాం. ఆయన తోలు తొడుగు వేసిన సొరబుర్రలో ఆకు పోసి, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు వంచాడు. మనకు టీ ఎట్లాగో వాళ్లకు అది, మాతే అంటారు. తొడుగు ఆయన కుట్టిందే. అందరికీ ఒకే బుర్ర, పీల్చడానికి ఒకే లోహపు గొట్టం. ఆయన తాగాడు, ఆమె తాగింది, మళ్లీ నీళ్లు పోసి నాకు అందించాడు. ఇదంతా నేను చదివిందే. అయినా జేబురుమాలు తీసి గొట్టం కొస తుడిచాను.

ఆయన నా చేతి వంక చూశాడు. ఆమె నెమ్మదిగా అడిగింది: "మీ ఊళ్లో అందరి దగ్గరా ఇంతేనా?"

"అందరి దగ్గరా ఇంతే. మాకు ఎంగిలి పట్టింపు" అన్నాను.

అబద్ధం. మా అన్న సగం తాగి పెట్టిన టీ నేను తాగుతాను. కానీ మా ఇంటి చూరులో వేరే ఒక గ్లాసుండేది. చెప్పులు కుట్టే ఆయన వస్తే టీ దాంట్లోనే. అది మా అవ్వ పెట్టిన ఏర్పాటు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది, ఇన్ని పుస్తకాలు చదివిన నేను ఆ గ్లాసులోనే పోస్తూ వచ్చాను. ఆ గట్టున నేను తుడిచింది ఎంగిలి ఒక్కటే కాదు. బుర్ర అందించినవి తోలు కుట్టే చేతులని కూడా నాకు గుర్తుంది.

ఆమె నా మాట నమ్మి ఆయనకు చెప్పింది. ఆయన తలూపి, ఆకు పారబోసి, గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి, కొత్త ఆకు వేసి బుర్ర నా చేతిలో పెట్టాడు. నా ఒక్కడికే. ఆ తర్వాత వాళ్లిద్దరూ తాగలేదు. ఎంత మర్యాదగా ఇచ్చినా అది నాకు వేరే పెట్టిన గ్లాసే. చేదుగా ఉన్నా మొత్తం తాగాను.

తిరిగొచ్చి చూరులోని గ్లాసు పారేశాను. చెప్పులు కుట్టే ఆయన వచ్చినప్పుడు మేం తాగే గ్లాసులో టీ ఇచ్చాను. ఆయన చూరు వైపు చూసి, "ఏందయ్యా, నా గ్లాసు యాడ పెట్టినావు?" అన్నాడు. ఇకమీదట దీంట్లోనే అన్నాను. ఆయన దాన్ని పైకెత్తి, అంచు పెదాలకు తగలకుండా నోట్లో పోసుకున్నాడు. వేడి టీ గడ్డం మీద కారింది. గ్లాసు కడిగి, అరుగు మీద బోర్లించి పోయాడు.

నేను తుడిచేది అందరి దగ్గరా కాదని మాంటెవీడియోలో ఆమెకు రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు.

ఊరు చూపించిన ఆ ఇద్దరికీ, ఇది కూడా లైబ్రరీలో చదివిస్తానన్న లైబ్రేరియన్ మేడంకూ, గ్లాసు కడిగి పెట్టిపోయిన ఆయనకూ నా కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పుకోవాలని కూర్చున్నాను. ఆయన పేరు దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.