ఎండ తాకిన కోళ్లు

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, మేము కట్టంగూరు దగ్గర ఒక కోళ్లఫారంలో ఉండేవాళ్లం. మాకిచ్చిన ఇల్లు లారీ మీద తెచ్చి దింపిన ఇనుప రేకుల గది. ఎండాకాలం వీపు ఆనిస్తే గోడే మనల్ని లేపి నిలబెట్టేది. పక్కనే కోళ్ల షెడ్డు. దాని కప్పు మీద పైపుతో నీళ్ల జల్లు, లోపల ఫ్యాన్లు, చుట్టూ తడిపిన గోనెపట్టాలు. యజమానికి జీవాల మీద ప్రేమ ఎక్కువ. ఏ జీవాలన్నది ఆయన ఇష్టం.

ఒక మే నెల మధ్యాహ్నం, పాలు తాగే మా తమ్ముడు ఏడవడం మానేశాడు. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేస్తున్నాడు. బాపు ఆటో కోసం హైవే మీదికి పరుగెత్తాడు. మా అవ్వ, అంటే అమ్మ, సూపర్‌వైజర్ దగ్గరికి పోయింది.

“సారూ, పిల్లగాడు కండ్లు తెరుస్తలేడు. జర షెడ్డుల పండవెడ్త.”

“షెడ్డులకు పిల్లల్ని తెస్తవా? కోళ్లకు రోగాలు అంటిస్తవా?”

“పోనీ, గా పైపన్న మా రేకుల మీదికి తిప్పుండ్రి.”

“నీళ్లు కోళ్లకే సాల్తలేవ్. పో, పో.”

అవ్వ కోళ్ల వైపు నడిచింది. ఎండకు నోరు తెరిచి రొప్పే కోళ్లను మందలోంచి ఏరి వేరుగా పెట్టడం ఆ ఫారంలో ఆమె పని. రోజూ వేపచెట్టు కింద పెట్టేది. ఆ రోజు మాత్రం వాటిని తెచ్చి మా గదిలో వదిలి, గట్టిగా కేక వేసింది.

“సారూ, ఎండ తాకిన కోళ్లను మా రూముల పెట్టిన! చెట్టు కింద కుక్కలు తిరుగుతున్నయ్. గీ ఉడుకుల సస్తే మల్ల నన్ననొద్దు!”

అంతకుముందు ఆయన ఉరకడం నేనెప్పుడూ చూడలేదు. పైపు మా రేకుల మీదికి తిరిగింది. ఫ్యాన్ వచ్చింది. తలుపుకు తడి గోనె వేలాడింది. “గింత ఉడుకుల కోళ్లను పెడ్తరా? బుద్ధుండాలె!” అని అవ్వను తిట్టి, చాప మీది తమ్ముణ్ణి దాటుకొని పోయి కోళ్లకు నీళ్లు పెట్టాడు.

అవ్వ తడికొంగుతో తమ్ముడి ఒళ్లు తుడుస్తూ కూర్చుంది. ఆటో వచ్చేసరికి వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అంత మంచి ఏడుపు నేను మళ్లీ వినలేదు. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. బతికాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో అవ్వ నాతో అంది: “ఆయినకు మన పానం కనవడదు బిడ్డా. ఏది కనవడ్తదో గదే ముంగట వెట్టాలె.”

తర్వాత డిగ్రీ చదివాను, చాలా ఆఫీసుల మెట్లెక్కాను. ఎక్కడా మా కష్టం చెప్పి బతిమాలను. ఏది పోతే ఎదుటివాడికి నొప్పో చూసుకొని అక్కడ మొదలుపెడతాను. పని అవుతుంది. అయ్యాక దండం పెట్టే అలవాటు మాత్రం ఆ రోజే పోయింది.