అమ్మ చెంపల మీది గంధం

డెబ్బైల్లో కొత్తవాడలో మాది బర్మావాళ్ల ఇల్లు. నిజానికి నాన్న పుట్టింది ఆ వాడలోనే. వయసులో రంగూన్ వెళ్లి, అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని చేసుకుని, రోజులు బాగాలేక తిరిగొచ్చాడు. అమ్మమ్మ అక్కడే ఉండిపోయింది. మళ్లీ మగ్గమెక్కి జంపఖానాలు నేస్తున్న నాన్నను వాడ కలిపేసుకుంది. అమ్మనే కలుపుకోలేదు.

అమ్మ రోజూ స్నానం చేసి, రంగూన్ నుంచి తెచ్చుకున్న ఒక చెక్కను రాతిమీద అరగదీసి, ఆ పసుపుపచ్చటి గంధాన్ని చెంపలకు గుండ్రంగా పూసుకునేది. అక్కడి ఆడవాళ్లంతా అలాగే పూసుకుంటారట. ఎదురింటి పెద్దమ్మ దృష్టిలో మాత్రం అది బాణామతి. మేక చచ్చినా, మగ్గంమీద నూలు తెగినా మా వాకిలి వైపే చూసేది. మేమేం తక్కువ తినలేదు. ఆమె ఇటు తొంగిచూస్తే చాలు, ఎవరికి చాడీలు మోస్తుందోనని నాకు ఒళ్లు మండేది.

అమ్మకు ఇంకా పౌరసత్వం రాలేదు. రాకపోతే వెనక్కి పంపేస్తారని వాడలో అనుకునేవారు. అది విన్నప్పటి నుంచి నేను అమ్మ కొంగు వదిలేదాన్ని కాదు.

ఒక పొద్దున విచారణకు సర్కారు మనిషి వచ్చాడు. మమ్మల్ని ఒక్క ముక్కా అడక్కుండా నేరుగా ఎదురింటికి వెళ్లాడు. ఇక మా పని అయిపోయిందనుకుని తలుపు చాటున నిలబడ్డాను.

"ఆమె మనామెనేనా? మొఖానికి బర్మోళ్ల లెక్క ఏందో పూసుకుంటదట?"

"పసుపు సారూ," అంది పెద్దమ్మ. "మా ఆడోళ్లం పూసుకోమా? బతుకమ్మనాడు గౌరమ్మ పసుపు ఒకలికొకలం రాసుకుంటం. ఆమె నాకు చెల్లె లెక్క. జర మంచిగ రాయుండ్రి."

బతుకమ్మ ఆటలో అమ్మను పక్కన నిలబడనివ్వని మనిషి! ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాను.

ఉంది. అతను వెళ్లగానే ఆమె మొదటిసారి మా ఇంట్లో అడుగుపెట్టింది. అమ్మ చేతులు జోడించింది.

"దండాలెందుకు? నీకోసం అబద్ధం చెప్పిన. దాన్ని నిజం చేసుడు నీ పని. ఆ చెక్క ఇటియ్యి. రేపటి సంది పసుపు రాసుకో."

అమ్మ లోపల్నుంచి చెక్క తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ దాన్ని తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది.

కొన్నాళ్లకు పౌరసత్వం కాగితం వచ్చింది. ఆ ఏడు బతుకమ్మకు పెద్దమ్మే అమ్మను చెయ్యిపట్టి ఆటలోకి లాగి, చెంపలనిండా పసుపు రాసింది. అమ్మ నవ్వుతూనే ఉంది. నాకు ఆ నవ్వు మీద నమ్మకం కలగలేదు.

ఇంటికొచ్చి అమ్మ ఆ పసుపు చెంపలతోనే అద్దం ముందు నిలబడింది.

"ఇంక నన్నెవరూ వెనక్కి పంపలేరు," అంది. "పంపినా మా అమ్మ నన్ను గుర్తుపట్టదు."