రాగినారుకు రాగినీళ్ళు

పెళ్ళయిన నెలకే మా మామ రాగినారుకు నేను చేసిన వైద్యం సంగతి చెబుతాను. ఆ నారుకున్న జబ్బు కంటే దాని డాక్టరే ప్రమాదం!

అవి యుద్ధం రోజులు. బియ్యం రేషను. పుంగనూరు పక్క పల్లెలో మా మామ సామ్యేలప్ప, ఉన్న విత్తనమంతా ఆ ఒక్క నారుమడిలోనే పోసినాడు. అది పోతే ఆ ఏడు సంగటి లేదు. మదనపల్లె మిషను బడిలో వ్యవసాయం పాఠాలు విన్న నేను, ఆకుల మీద మచ్చలు చూసి ఊరుకుంటానా?

"మైలతుత్తం నీళ్ళు పోయాల మామా!"

"అంత లేత నారు తట్టుకుంటాదా అల్లుడా?"

"ఇది శాస్త్రం మామా!" అన్నాను, శాస్త్రం నా సొంత పెదనాన్న అయినట్టు.

మైలతుత్తంలో ఉండేది రాగి లోహం. దాని పొగరు అణచడానికి సున్నం కలపాలి. ఇంట్లో ఎప్పుడూ ఉండే సున్నం మూట చూస్తే లేదు.

"అత్తా, సున్నం యాడ?"

"నువ్వొస్తాండావని గోడలకు పూసేస్తి నాయనా!"

సరే, అసలు మందు మైలతుత్తమే కదా అనుకుని, సున్నానికి బదులు అదే ఇంకో రెండు పిడికిళ్ళు వేశాను. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. నారు మామ పోశాడు, నీరు నేను పోశాను. రాగికి రాగే యముడయింది.

వారం తిరక్కముందే మడి కామెర్లు వచ్చినట్టు పచ్చబారింది. ఒక మొలక పీకితే, వేరు అరిగిపోయిన చీపురులా ఉంది. మామ గట్టు మీద కూలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏడ్సేది ఆపి సున్నం తెద్దాం పద," అంది నా భార్య సుగుణ. ఇల్లిల్లూ అడిగి తెచ్చి, సున్నం తేట పోశాం. మాగిన పేడ ఎరువు చల్లాం. నీళ్ళు తోడి తోడి నా అరచేతులు బొబ్బలెక్కాయి. కొన్నాళ్ళకు తెల్లటి కొత్త వేళ్ళు కనబడితే, మామ నా భుజం పట్టుకుని, "బతికిందప్పా!" అన్నాడు. సగమే బతికింది. ఆ ఏడు ముద్ద చిన్నదయింది గానీ, పొయ్యి ఆరలేదు.

నా కీర్తి మాత్రం కుప్పం దాకా పాకింది. ఒక ఆదివారం చర్చిలో మామ అందరి ముందూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు: "తండ్రీ, మా పైరును ఎండ నుంచి కాపాడు, పురుగు నుంచి కాపాడు... సదువుకున్న అల్లుళ్ళ నుంచీ కాపాడు."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సుగుణే.

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇతరుల పైరుకు మంచినీళ్ళు తప్ప ఏదీ పోయను. అవీ అడిగే పోస్తాను.