నిడుగల్లులో దొరికిన వింటిబద్ద

మడకశిరలో ఉదయం ఆరింటి పావగడ బస్సు ఎక్కినప్పుడు నా సంచిలో గొడ్డలి, కొయ్య సుత్తి, ఒక గోనెపట్టా, మూడు రొట్టెలు ఉన్నాయి. రాత్రి సరిగా నిద్రపోలేదు.

మూడు వారాల కిందట నేను చేసిన విల్లు ఓబులప్ప చేతుల్లో విరిగింది. మా ఊరి గుడి పారువేట ఉత్సవంలో తొలి బాణం వేసేది ఆయనే. లాగి చూస్తుండగా రెండు ముక్కలై, చెక్కపేడొకటి లేచి కంటి కింద చీరేసింది. కన్ను పోవలసింది, వెంట్రుకవాసిలో తప్పింది. తప్పు నాదే. బద్దలో ముడి ఉందని తెలిసీ, పైన నున్నగా చిత్రిక పట్టి, ఏమీ కాదులే అనుకున్నాను. ఓబులప్ప కట్టు కట్టించుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. "ఇంకోటి చెయ్యప్పా. ఈ తూరి మంచి కట్టె తీస్కో" అన్నాడు. తిట్టి ఉంటే ఇంత బరువుగా ఉండేది కాదు.

పారువేటకు పన్నెండు రోజులే ఉన్నాయి. పచ్చికట్టె ఆరాలంటే ఏడాది పైనే పడుతుంది. నిడుగల్లులో హనుమక్క అనే ఆమె ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఆరిన జాన చెట్టు దుంగ ఉందని మా బావ కబురు పంపాడు. వంగి మళ్లీ తిన్నగా లేచే గుణం జానకు ఉంది. అయితే ఆమె కరువుకు తాళలేక ఇల్లు మూసి బెంగళూరు కూలికి పోతోంది. అదీ ఈ రోజే.

దారి పొడుగునా చేలు ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి. పక్కన కూర్చున్న రైతును చెనిక్కాయ వేశారా అని అడిగాను. "రెండు తూర్లు ఇత్తనమేసినాం. రెండు తూర్లూ చీమలే తినిపోయినాయి" అని కిటికీ వైపు తిరిగాడు.

ఎనిమిదిన్నరకు పావగడ. బస్టాండు పక్క హోటల్లో చిత్రాన్నం తిన్నాను, సగం వదిలేశాను. తొమ్మిదిన్నరకు రావలసిన నిడుగల్లు బస్సు పదకొండు దాటాక వచ్చింది. బెంగళూరు పోవాలన్నా ఆమె పావగడ మీదుగానే రావాలి; అందుకే అంతవరకూ మూటలతో దిగే ప్రతి ఆడమనిషినీ హనుమక్కేమో అని చూశాను. ఇద్దరిని అడిగాను కూడా.

పన్నెండుంబావుకు నిడుగల్లులో దిగి, కోట కొండ కేసి పరుగులాంటి నడక నడిచాను. ఆమె తలుపు తెరిచే ఉంది. అరవై ఏళ్ల మనిషి, గిన్నెలు చీరలో మూటగడుతోంది. విషయం చెప్పగానే అటక వైపు చూపించింది. ఆమె భర్త తమ గట్టు మీది చెట్టునే కొట్టి, కొసలకు మైనం పూసి, నీడన ఆరబెట్టాడట. విల్లు చేయకుండానే చనిపోయాడు.

"ముందరి విల్లు ఏమాయె?" అని అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసి, జరిగినదంతా చెప్పాను. ఆమె మూట కట్టడం ఆపింది.

"కట్టెదా తప్పు, నీదా?"

"నాదే అక్కా."

"అట్లయితే ఈడనే చీల్చు. నా కండ్ల ముందర. కట్టెలో నార మెలి తిరిగి ఉంటే ఈడనే ఇడిసిపెట్టి పో. ఇంకొకరి కంటికి గండం వద్దు."

దుంగను అటక మీంచి దించి, కొసన గొడ్డలి అంచు ఆనించి సుత్తితో కొట్టాను. ఆమె రెండో కొస రెండు చేతులా అదిమి పట్టుకుంది. నెర్రె జానెడు తిన్నగా పోయి, ఉన్నట్టుండి పక్కకు, ఒక ముడి వైపు జరిగింది. చేయి ఆపాను. ఇంకొక దెబ్బ వేస్తే మొత్తం పాడవచ్చు. పంచెతో చెమట తుడుచుకుని, దుంగ తిప్పించి, రెండో కొస నుంచి మొదలుపెట్టాను. ఒక్కో దెబ్బకూ చెవి పెట్టి విన్నాను. ముడికి అర వేలెడు దూరంలో రెండు నెర్రెలూ కలిశాయి. దుంగ రెండు బద్దలుగా విచ్చుకుంది. ఒకదానిలో ముడి ఉంది. రెండోదానిలో కొస నుంచి కొసకు నార తిన్నగా ఉంది.

హనుమక్క దాని మీద అరచేత్తో నిమిరి, నా చేతిలో పెట్టింది. ధర ఒక్క మాటలో చెప్పింది, నేను బేరమాడలేదు. ముడి ఉన్న బద్దను తన మూటకు అడ్డంగా కట్టుకుంది. అదెందుకని అడిగాను.

"ఆయన ఆరబెట్టిన కట్టె. ఆడ చీరలు ఆరేసుకునేకి ఉంటాది" అంది.

నాలుగింటి బస్సు ఇద్దరమూ ఎక్కాం. బద్దలు పైన వేయమన్నాడు కండక్టరు. ఆ ఎండకు టాపు మీద వేస్తే నెర్రె కొడుతుందని వాదించాను. ఆయన ఈల వేసి బస్సు ఆపేశాడు. అప్పుడు వెనక సీటులోని గొర్రెలకాపరి, "మా ఒళ్లో పెట్టుకుంటాంలేప్పా, బండి పోనీ" అన్నాడు. నా బద్దకు గోనెపట్టా చుట్టాను. పావగడ దాకా అది నలుగురి తొడల మీద ప్రయాణం చేసింది.

పావగడలో హనుమక్క బెంగళూరు బస్సు వైపు నడిచింది. పోయివస్తానని చెప్పలేదు. మూట ఎత్తించుకుని ఎక్కింది, అంతే.

ఆరున్నరకు మడకశిర బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని, గోనెలోకి చేయి పెట్టి బద్ద పొడుగునా బొటనవేలితో తడుముతూ వచ్చాను. ఇంత మంచి కట్టె నా చేతికి ఎన్నడూ రాలేదు. అయినా భయం తగ్గలేదు. ఆ భయం ఉంటేనే మేలనిపించింది, రేపు దీన్ని చెక్కడానికి బాడిస పెట్టేటప్పుడు.